"మాకు అక్కడే బాగుంది" అనే మనిషికి ఏం చెప్పాలి?

"మాకు అక్కడే బాగుంది, మధ్యలో మీకేం నొప్పి?" కట్టుబాట్లు గట్టిగా ఉండే మత సంఘంలో చేరిపోయిన మనిషిని ఇంట్లోవాళ్ళు కదిలిస్తే ముందు వచ్చే జవాబు ఇదే. తిరుపతి కొర్లగుంటలో అయినా చిత్తూరు గిరింపేటలో అయినా, చేరింది చర్చి అయినా ఆశ్రమం అయినా మరొకటి అయినా, మాట దాదాపు ఇట్లనే ఉంటుంది. దానికి ఇంట్లోవాళ్ళ వైపు నుంచి వచ్చేవి కూడా ఎప్పుడూ ఉండేవే, "నీకు బుద్ధుందా", "వాళ్ళు నీకేదో చేసినారు", "చదువుకున్నదానివి, ఇదేం పని" అని. పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి, ఎవరో ఒకరు చెప్పులేసుకుని బయటికి పోతారు, మళ్ళీ ఆర్నెల్లు మాటలుండవు. ఆ ఆర్నెల్లలో సంఘం వాళ్ళు మాత్రం వారానికి రెండు మూడు సార్లు ఇంటికొచ్చి పోతానే ఉంటారు.

ఇట్లాంటి చోట్ల ఎక్కువమంది చేసే పని ఏందంటే నమ్మకం మీద వాదన పెట్టుకోవడం. దేవుడు ఉన్నాడా లేడా, మీ గురువు నిజమైనోడా కాదా, ఆ గ్రంథంలో ఆ మాట ఉందా లేదా అని. కానీ "అక్కడే ఉంటాను" అనే మనిషి చాలాసార్లు నమ్మకాన్ని వెనకేసుకు రావడం లేదు, తన బతుకుని వెనకేసుకొస్తా ఉన్నాడు. పెళ్ళి అక్కడ అయింది, స్నేహితులు అక్కడే ఉన్నారు, పిల్లల సంబంధాలు అక్కడే చూడాలి, అద్దె ఇల్లు చూపించింది కూడా అక్కడోళ్ళే. వీటన్నిటినీ పక్కనపెట్టి సిద్ధాంతం గురించి మాట్లాడితే అసలు విషయం దగ్గరికే పోలేదన్నమాట.

అసలు కట్టడి అంటే ఏంది అనేది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే తిరుపతిలో ఉండి "భక్తి ఎక్కువైతే కట్టడి" అనుకుంటే సగం ఊరిని అందులో వేయాల్సొస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళు ఉన్నారు, మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటా పోయేవాళ్ళు ఉన్నారు, తల నీలాలు ఇచ్చేవాళ్ళు, నిలువుదోపిడి మొక్కుకునేవాళ్ళు ఉన్నారు. బయటి దేశం మనిషి ఎవరైనా చూస్తే ఇంతకంటే తీవ్రమైన మతం ఉంటుందా అనుకుంటాడు. కానీ గుండు కొట్టించుకుని పోయిన మనిషికి వచ్చే ఏడాది ఎవరూ ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడగరు. పదేళ్ళు కొండకి పోకపోయినా ఆయన పెళ్ళాం పిల్లలు ఆయనతో మాట్లాడటం మానేయరు, పక్కింటోళ్ళు పలకరిస్తారు, ఇష్టమైతే మళ్ళీ పోతాడు. అంటే భక్తి ఎంత గట్టిది అనేది కొలత కాదు. బయటికి రావాలంటే ఎంత పోగొట్టుకోవాలి, అదీ కొలత. తల్లిని పోగొట్టుకోవాలా, ఇల్లు పోగొట్టుకోవాలా, ఉద్యోగమా, పిల్లలా.

పరిశోధకులు దీన్ని రకరకాలుగా చెప్పారు. అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఖైదీల ఆలోచనలు మార్చిన తీరుని చదివి 1961లో 8 లక్షణాలు రాశాడు. అందులో సంఘానికంటూ సొంత భాష ఉండటం, తప్పుల్ని అందరి ముందూ ఒప్పుకోవాల్సి రావడం, బయటోళ్ళకి అసలు బతికే హక్కే లేనట్టు చూడటం లాంటివి ఉన్నాయి. కొరియా మత గురువు మూన్ పెట్టిన మూన్ సంఘంలో ఉండి 1976లో బయటపడ్డ స్టీవెన్ హాసన్ తర్వాత ఇంకా సులువుగా నాలుగు మాటల్లో పెట్టాడు, నడవడి మీద కట్టడి, సమాచారం మీద, ఆలోచన మీద, భావాల మీద కట్టడి అని. ఇవన్నీ పనికొచ్చేవే. కానీ ఈ లిస్టు ప్రింట్ తీసుకుపోయి అక్క ముందు పెట్టి "చూడు, ఇందులో ఏడు నీకు వర్తిస్తాయి" అంటే మాత్రం పని అక్కడితో ఖతం.

ఒక ఉదాహరణ దగ్గర పెట్టుకుంటే మాట్లాడుకోవడం సులువు, అందుకు యెహోవాసాక్షుల్ని తీసుకోవచ్చు, ఎందుకంటే వాళ్ళ నియమాలు వాళ్ళ పత్రికల్లోనే అచ్చయి ఉంటాయి కాబట్టి ఎవరో చెప్పిన పుకారు మీద ఆధారపడాల్సిన పని లేదు. 1870లలో అమెరికా పెన్సిల్వేనియాలో చార్లెస్ రస్సెల్ మొదలుపెట్టిన బైబిల్ స్టడీ గుంపు నుంచి వచ్చిన సంఘం, ఈ పేరు పెట్టుకుంది 1931లో. తెలుగులో "కావలికోట", "తేజరిల్లు!" పత్రికలు పట్టుకుని ఇద్దరిద్దరుగా, నీటుగా, మర్యాదగా తలుపు తట్టేది వీళ్ళే. పుట్టినరోజులు చేసుకోరు, ఓటు వేయరు, జాతీయగీతం పాడరు. 1945 నుంచి రక్తం ఎక్కించుకోవడం తప్పు అంటారు. తప్పు చేసి పశ్చాత్తాపపడలేదని పెద్దలు తేలిస్తే సంఘం నుంచి తీసేస్తారు, ఆ తర్వాత వేరే ఇంట్లో ఉండే సొంత అక్కచెల్లెళ్ళు, అమ్మానాన్నలు కూడా అవసరానికి మించి మాట్లాడకూడదనేది ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి. 2024లో కొంచెం సడలించారు, మీటింగ్‌కి వస్తే పలకరించొచ్చు, మీటింగ్‌కి రమ్మని పిలవచ్చు అన్నారు. సడలింపు అంటే అంతే, కూర్చుని కలిసి అన్నం తినొచ్చని కాదు.

ఇప్పుడు వెనకేసుకొచ్చే మాటల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే నిజమైంది కూడా ఇదే: "మమ్మల్ని బాగా చూసుకుంటారు." దీన్ని కాదంటే అబద్ధమాడినట్టే. పలమనేరు నుంచో పీలేరు నుంచో పని కోసం తిరుపతి వచ్చి, ఎవరూ తెలియని చోట ఒక గది అద్దెకి తీసుకున్న కుటుంబానికి, రుయా ఆస్పత్రిలో మనిషిని చేర్చినప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్నది చుట్టాలు కాదు, సంఘం వాళ్ళే. క్యారియర్ తెచ్చింది వాళ్ళే. తాగుడు మానిపించింది కూడా చాలా ఇళ్ళల్లో వాళ్ళే, భర్త జీతం మొదటిసారి పూర్తిగా ఇంటికొచ్చింది అక్కడ చేరిన తర్వాతే. ఆ ఆడమనిషి దగ్గరికి పోయి "అదంతా నాటకం" అంటే ఆమె ఎందుకు వింటుంది?

పైగా అది నాటకం కాదు కూడా. లారెన్స్ యన్నకోన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1990లలో దీని మీద పనిచేసి చెప్పిన మాట ఒకటుంది, నియమాలు కఠినంగా ఉండే సంఘాలు బలంగా ఎందుకుంటాయంటే ఆ కఠినత్వమే జల్లెడ పడుతుంది అని. వచ్చి ఊరికే లాభం పొంది పోయేవాళ్ళు ఆ నియమాలకి భయపడి దగ్గరికే రారు, మిగిలేది మనసు పెట్టి పనిచేసేవాళ్ళు మాత్రమే, కాబట్టి లోపల ఒకరికొకరు చేసుకునే సాయం నిజంగానే ఎక్కువగా ఉంటుంది. అంటే ఆ ఆప్యాయత, ఆ కట్టడి రెండూ ఒకే చోట నుంచి వస్తాయి. ఇది అర్థమైతే జవాబు మారుతుంది. "అవునక్కా, ఆ రోజు ఆస్పత్రిలో మేము రాలేదు, వాళ్ళొచ్చినారు, అది నిజమే" అని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక, అదే రోజు కాకపోయినా, ఇంకో రోజు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నువ్వు మూడు నెలలు మీటింగ్‌కి పోకుంటే కూడా వాళ్ళు ఇట్లనే వస్తారా?" దీనికి జవాబు మనం చెప్పకూడదు. ఆమె కూడా అప్పుడే చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా పర్వాలేదు, ఆ ప్రశ్న ఆమెకే తెలిసిన మనుషుల గురించి, ఎవరు పోయారో, వాళ్ళతో ఎవరు మాట్లాడటం మానేశారో ఆమె కళ్ళతో చూసి ఉంటుంది.

రెండో మాట, "నన్నెవరూ బలవంతం చేయలేదు, నా ఇష్టంతోనే ఉండాను." ఇది కూడా చాలావరకు నిజమే. తలకి తుపాకీ పెట్టి ఎవరూ తీసుకుపోరు. 1970ల చివర్లో ఇంగ్లండ్ సోషియాలజిస్టు ఐలీన్ బార్కర్ మూన్ సంఘం శిబిరాలకి వచ్చినవాళ్ళని గమనిస్తే ఎక్కువమంది చేరనే లేదు, చేరినవాళ్ళలో కూడా చాలామంది కొన్నేళ్ళకే బయటికొచ్చేశారు. కాబట్టి "నీకు బ్రెయిన్‌వాష్ చేసినారు" అనే మాట పనికిరాదు, అది ఎదుటి మనిషికి బుర్ర లేదని చెప్పడం తప్ప ఇంకేం కాదు. అయితే ఇష్టంతో చేరడం వేరు, ఇష్టంతో ఉండటం వేరు. చేరేటప్పుడు తెలియని నియమాలు చేరిన తర్వాత ఒకటొకటిగా తెలుస్తాయి, అప్పటికి పక్కన ఉన్న స్నేహితులందరూ అక్కడోళ్ళే అయిపోయి ఉంటారు. ఇంక పుట్టుకతోనే అందులో ఉన్నవాళ్ళ సంగతైతే ఇష్టం అనే మాటే ఎట్లా వాడతాం? పన్నెండేళ్ళకో పదమూడేళ్ళకో బాప్తిస్మం తీసుకున్న పిల్లోడు పంతొమ్మిదేళ్ళకి వేరేగా ఆలోచిస్తే అప్పుడు ఆ చిన్నప్పటి సంతకం కింద శిక్ష వేయడం న్యాయమా అనే దాని మీద నార్వేలో ప్రభుత్వానికీ యెహోవాసాక్షులకీ పెద్ద గొడవే నడిచింది, 2022లో వాళ్ళ మత రిజిస్ట్రేషన్ తీసేశారు, 2024లో కింది కోర్టు ప్రభుత్వం వైపు నిలబడితే 2025లో అప్పీల్ కోర్టు సంఘం వైపు నిలబడింది. చదువుకున్న జడ్జీలే అటూ ఇటూ అవుతున్నారంటే ఇంట్లో భోజనాల దగ్గర అరగంటలో తేలే విషయం కాదని అర్థం.

మూడోది, "బయటికి పోయినోళ్ళు చెప్పేవన్నీ అబద్ధాలు, వాళ్ళకి కక్ష." ఇందులో కూడా కొంచెం నిజముంది, గాయపడి బయటికొచ్చినవాళ్ళు ఎక్కువ చేసి చెప్పడం ఉంటుంది, విడాకులైన భర్త దగ్గర భార్య గుణగణాలు అడిగి రాసుకోము కదా. అందుకే యూట్యూబ్‌లో మాజీ సభ్యుడి మూడు గంటల వీడియో లింకు పంపడం కంటే, ఆ సంఘం తానే రాసుకున్న పాత కాగితాలు మేలు. యెహోవాసాక్షుల విషయంలోనే చూస్తే, 1967లో అవయవ మార్పిడి తప్పు, అది నరమాంసం తిన్నట్టే అని వాళ్ళ పత్రికలో రాశారు, 1980కి వచ్చేసరికి అది ఎవరి మనస్సాక్షికి వాళ్ళు తేల్చుకునే విషయం అన్నారు. మరి ఆ 13 ఏళ్ళలో కిడ్నీ వద్దని చెప్పినవాళ్ళ సంగతి? 1975లో ఏదో జరుగుతుందనే ఆశ వాళ్ళలో బాగా పెంచారు, కొంతమంది ఇళ్ళు అమ్ముకుని ప్రచారానికి పోయారు, 1975 అన్ని సంవత్సరాల్లాగే గడిచింది. ప్రచారానికి ఎన్ని గంటలు పోయారో నెలనెలా లెక్క రాసివ్వాలనేది దశాబ్దాలపాటు భక్తికి గుర్తుగా నడిచి, 2023 నవంబర్‌లో మామూలు సభ్యులకి ఆగిపోయింది.

ఇవన్నీ చదివి మనకి "ఆహా దొరికారు" అనిపిస్తుంది. కానీ వీటిని ఒకేసారి ఎదుటి మనిషి ఒళ్ళో కుమ్మరిస్తే ఏం జరుగుతుందంటే ఏమీ జరగదు, ఇంకా చెప్పాలంటే వ్యతిరేకంగా జరుగుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో చెప్పిన సిద్ధాంతం ఇదే, మనిషి చేసిన పనికీ తెలిసిన నిజానికీ పొంతన కుదరనప్పుడు లోపల ఒక ఇబ్బంది పుడుతుంది, ఆ ఇబ్బంది తగ్గించుకోవడానికి చేసిన పనిని మార్చుకోవడం కష్టం కాబట్టి నిజాన్నే అటూ ఇటూ సర్దుకుంటాడు. చిట్టీ కట్టేవాళ్ళని చూస్తే తెలుస్తుంది, ఇరవై నెలలు కట్టిన తర్వాత చిట్టీ ఆయన మీద అనుమానం వచ్చినా "అట్ల చేసే మనిషి కాదులే" అని ఇరవై ఒకటో నెల కూడా కట్టేస్తారు, మొదటి నెలలో అదే అనుమానం వచ్చి ఉంటే కట్టేవాళ్ళు కాదు. సంఘానికి కట్టింది డబ్బు ఒక్కటే కాదు కదా, చదువు మానుకున్న ఏళ్ళు, చేసుకోకుండా వదిలేసిన పెళ్ళి సంబంధం, మాట్లాడటం మానేసిన తమ్ముడు. "అదంతా తప్పు" అని ఒప్పుకోవాలంటే ఆ తమ్ముడికి ఏం చెప్పాలి?

పెద్ద పెద్ద బండారాలు బయటపడ్డా జనం ఎందుకు కదలరు అనేదానికి కూడా ఇదే కారణం. 2017 ఆగస్టు 25న పంచకుల కోర్టు డేరా సచ్చా సౌదా గురువు గుర్మీత్ రామ్ రహీమ్‌ని, అదే డేరా బాబాని, అత్యాచారం కేసులో దోషి అని తేలిస్తే ఆ రోజు అల్లర్లలో 30 మందికి పైగా చచ్చిపోయారు, ఇప్పటికీ ఆయన పెరోల్ మీద బయటికొస్తే భక్తులు ఎదురుచూస్తానే ఉన్నారు. మన పక్కనే వరదయ్యపాళెంలో కల్కి ఆశ్రమం మీద 2019 అక్టోబర్‌లో ఐటీ సోదాలు జరిగాయి, లెక్కలో చూపని ఆదాయం 500 కోట్ల పైనే అని శాఖ ప్రకటించింది, వారం రోజులు టీవీల్లో అదే నడిచింది, భక్తులు రావడం మాత్రం ఆగలేదు. ఆ ఆశ్రమంలో ఉన్నవాళ్ళంతా కట్టడిలో ఉన్నారని చెప్పడం కాదు ఇది, వార్త ఒక్కటే మనిషిని కదిలించదని చెప్పడం. అట్లనే 2021 జనవరిలో మదనపల్లెలో మూఢనమ్మకంతో అమ్మానాన్నలే ఇద్దరు కూతుళ్ళని చంపిన ఘోరాన్ని తీసుకొచ్చి "రేపు నువ్వూ అంతే" అని అనేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. తన భజన గుంపుకీ ఆ ఘటనకీ సంబంధం లేదని ఆ మనిషికి బాగా తెలుసు, ఆ పోలిక తెచ్చినోడి మాట ఇంక జీవితంలో వినదు.

ఇంక నాలుగో మాట, అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. "మీరు మాత్రం తక్కువా? మీ కులంలో వేరే కులం పిల్లోడిని చేసుకుంటే ఇంట్లోకి రానిస్తారా?" ఈ ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు ఉండదు, అందుకే కోపం వస్తుంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో కుల కట్టుబాటు తప్పినందుకు వెలి వేయడం, చావుకి పోకపోవడం, పెళ్ళికి పిలవకపోవడం ఎవరికీ కొత్త కాదు. కూతురు ప్రేమ పెళ్ళి చేసుకుందని బతికుండగానే తలమీద నీళ్ళు పోసుకున్న నాయనలు ఉన్నారు. అదే నాయన వేరే బిడ్డ ఏదో సంఘంలో చేరితే "వాళ్ళు నా బిడ్డని నాకు కాకుండా చేసినారు" అని ఏడుస్తాడు. ఆ బిడ్డకి ఈ రెండూ కనపడతాయి. ఆమె అడిగిన ప్రశ్నలో తప్పేముంది?

దీన్ని దాటవేయడం కంటే ఒప్పుకోవడమే మేలు, అందులో మాట పోయేదేమీ లేదు. "నిజమే, పెద్దనాయన చేసింది కూడా అదే, అది కూడా తప్పే" అని చెప్పగలిగినవాళ్ళకే తర్వాతి మాట చెప్పే అర్హత వస్తుంది. తాతయ్యగుంట గంగజాతరకి చాటింపు వేశాక తిరుపతి వాళ్ళు ఊరు దాటి పోకూడదంటారు, అది కూడా ఒక కట్టే. కానీ ఇప్పుడు చెన్నైలో డ్యూటీ ఉన్నోడు పోతానే ఉన్నాడు, అమ్మమ్మ రెండు మాటలు అంటుంది, గంగమ్మకి దండం పెట్టుకుని పో అంటుంది, వాడు తిరిగొస్తే పొంగలి పెడుతుంది. కట్టు ఉండటం, కట్టు తప్పినోడికి ఇల్లు లేకుండా పోవడం రెండూ ఒకటి కాదు. ఈ తేడా చూపించాలంటే మన ఇంటిని కూడా ఆ కొలతతోనే కొలవడానికి ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే కొన్ని ఇళ్ళు ఫెయిలవుతాయి. ఫెయిలైన ఇంటినుంచి పారిపోయే కొంతమంది ఇట్లాంటి సంఘాల్లో చేరతారనేది కూడా చాలామంది పైకి చెప్పుకోని సంగతే.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. మనిషి చేరింది క్రైస్తవ సంఘమైతే మాట వెంటనే మత మార్పిడి గొడవలోకి పోతుంది, "వెంకన్న కాళ్ళకాడ పుట్టి ఇదేం పని" అని. అప్పుడు ఎదుటి మనిషికి వినపడేది ఏందంటే వీళ్ళ బాధ నేను కట్టడిలో ఉన్నానని కాదు, వేరే దేవుడిని మొక్కుతున్నానని. అట్లాంటప్పుడు ఆమె గట్టిగా నిలబడటమే సహజం, రాజ్యాంగం 25వ అధికరణం ఆమెకి ఆ హక్కు ఇచ్చింది. నిజానికి మామూలు చర్చిలకి పోయేవాళ్ళు వేలమంది జిల్లాలో ఉన్నారు, పోతారు వస్తారు, ఎవరి ఇల్లూ కూలలేదు. అదే సమయంలో హిందూ గురువుల దగ్గర చేరి జీతం మొత్తం రాసిచ్చి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలంటే ఆశ్రమం పర్మిషన్ అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. దాన్ని మాత్రం "భక్తిలే" అని వదిలేసి దీన్ని మాత్రం పట్టుకుంటే మాటకి విలువ ఉండదు.

చట్టం ఎటువైపు ఉంది అని అడిగితే, ఒకవైపు లేదు. 1985లో కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడకుండా మర్యాదగా లేచి నిలబడ్డందుకు స్కూల్ నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని మళ్ళీ చేర్చుకోమని చెప్పింది, ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి. చిన్న సంఘాల నమ్మకానికి దేశంలో ఉన్న రక్షణకి అది మంచి గుర్తు. దానికి ముందే, 1962లో, దావూదీ బోహ్రాల కేసులో వెలివేతని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది, మత కారణాలతో మనిషిని బయటికి పంపడం సంఘం సొంత వ్యవహారం అని. ఆ తీర్పు సరైందా కాదా మళ్ళీ చూడాలని 2023లో పెద్ద బెంచికి పంపారు. మహారాష్ట్ర మాత్రం సాంఘిక బహిష్కారం మీద 2016లో విడిగా చట్టం చేసుకుంది. అంటే సంఘానికి హక్కుంది, లోపలి మనిషికి కూడా హక్కుంది, ఆ రెండూ ఎదురెదురు పడినచోట ఏం చేయాలనేది ఇంకా తేలలేదు.

పద్దెనిమిదేళ్ళు దాటిన కూతురినో కొడుకునో ఇంట్లో పెట్టి తాళం వేయడం, ఫోన్ లాక్కోవడం, నలుగురు మామలు కలిసి కార్లో ఎక్కించుకుని ఊరికి తీసుకుపోవడం, ఇవి మన దగ్గర జరిగేవే. అమెరికాలో 1970లలో ఇదే పనిని డబ్బు తీసుకుని చేసేవాళ్ళు ఉండేవాళ్ళు, మనిషిని ఎత్తుకొచ్చి గదిలో పెట్టి రోజుల తరబడి వాదించి "మార్చేవాళ్ళు". కొంతమంది మారారు, కొంతమంది పారిపోయి మళ్ళీ సంఘంలోకే పోయారు, చేసినవాళ్ళ మీద కేసులు పడ్డాయి, 1995లో ఒక కేసులో జ్యూరీ వేసిన జరిమానాకి ఆ పనితో సంబంధం ఉన్న ఒక సంస్థ దివాలా తీసింది. మన సుప్రీంకోర్టు కూడా 2018లో కేరళ అమ్మాయి కేసులో ఈడొచ్చిన మనిషి ఏ మతంలో ఉండాలి ఎవరిని పెళ్ళి చేసుకోవాలి అనేది ఆ మనిషి ఇష్టమని తేల్చేసింది. చట్టం మాట అట్లా ఉంచినా, తాళం వేసిన రోజున ఇంట్లోవాళ్ళు చేసేది సంఘం చెప్పిన జోస్యాన్ని నిజం చేయడమే. "నిన్ను హింసిస్తారు, నీ ఇంటివాళ్ళే నీకు శత్రువులవుతారు" అని వాళ్ళు ముందే చెప్పి పంపిస్తారు కదా.

"మేమా వాళ్ళా తేల్చుకో" అనేది కూడా ఇదే రకం. తేల్చుకోమంటే ఆ రోజుకి ఎక్కువ మనుషులు ఎటువైపుంటే అటు పోతారు, ఆ లెక్కలో ఇంటివాళ్ళు ఓడిపోతారు.

మరి ఏం మాట్లాడాలి? చాలావరకు మామూలు మాటలే. "అక్కా, వంకాయ పులుసు చేసినా, పంపిస్తా." "పాపకి ఎంసెట్‌లో ఎంతొచ్చింది?" "బావకి నడుము నొప్పి తగ్గిందా?" సంఘం గురించి ఎత్తకుండా ఫోన్ చేసే మనిషి ఒక్కరున్నా సరే, "లోకంలో ఉన్నోళ్ళంతా చెడ్డోళ్ళు" అనే మాట ఆ ఒక్క మనిషి దగ్గర ఆగిపోతుంది. వాళ్ళే ఎత్తితే వినాలి, వినేటప్పుడు ప్రశ్నలు అడగొచ్చు, కానీ నిజంగా తెలుసుకోవాలని అడిగే ప్రశ్నలు, లాయరు అడిగేవి కాదు. "ఆ నియమం ఎప్పట్నుంచి ఉంది?" "దాని గురించి నీకు ఎప్పుడైనా డౌట్ వస్తే ఎవరిని అడుగుతావు?" "అడిగితే ఏమంటారు?" ఈ చివరి ప్రశ్న చాలా పనిచేస్తుంది, ఎందుకంటే డౌట్ అడిగితే సంతోషంగా జవాబు చెప్పే చోటికీ, డౌట్ అడిగిన మనిషినే డౌట్‌గా చూసే చోటికీ తేడా లోపల ఉన్న మనిషికి మనకంటే బాగా తెలుసు. ఒకసారికి ఒక ప్రశ్న చాలు. గెలిచామా లేదా అని అదే పూట చూసుకోకూడదు, "అక్కడే బాగుంది" అన్న మనిషి మనసులో అనుమానం ఉన్నా మన ముందు ఒప్పుకోదు, ఒప్పుకుంటే మనం ఊరంతా చెప్తామని తెలుసు కాబట్టి.

ఒక్కోసారి వాళ్ళు చెప్పేది నిజంగానే సరైన జవాబు అయి ఉండొచ్చు. డెబ్బై ఏళ్ళ అవ్వ, భర్త పోయాడు, కొడుకులు బెంగుళూరులో ఉన్నారు, వారానికి మూడు రోజులు మీటింగులు, పాటలు, పలకరించే మనుషులు. నియమాలు ఆమెకి బరువు కాదు, ఎట్లాగూ ఆమె పుట్టినరోజు ఎప్పుడూ ఎవరూ చేయలేదు. ఆమెని బయటికి లాగి ఏం చేస్తారు, టీవీ ముందు కూర్చోబెడతారా? ఇట్లాంటి చోట ఆమె బయటికి రావాలనే అవసరం ఇంట్లోవాళ్ళకే గానీ ఆమెకి లేదు. ఆదివారం ఆమెని హాలు దగ్గర స్కూటర్ మీద దింపి రావడం కూడా జవాబే.

ఓపిక పట్టకూడని చోట్లు వేరే ఉన్నాయి, అక్కడ ఇప్పటిదాకా చెప్పిన మెత్తదనం పనికిరాదు. పిల్లలకి జ్వరం వచ్చి మూడు రోజులైనా ప్రార్థనతోనే తగ్గాలని ఆస్పత్రికి తీసుకుపోకపోతే, పిల్లల్ని బడి మానిపిస్తే, కొడితే, పిల్లల మీద చేయి వేసినోడి సంగతి పోలీసులకి కాకుండా పెద్దలకే చెప్పి మూసేస్తామంటే, అక్కడ మాట్లాడుకుంటా కూర్చోవడం తప్పు. పిల్లల కోసం 1098, ఆడవాళ్ళ కోసం 181, ప్రాణాపాయమైతే 112. పెద్దవాళ్ళు తమ వైద్యం తాము వద్దనుకోవడం వాళ్ళ హక్కు, దాన్ని మాత్రం గౌరవించాలి, కానీ చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి ఆపరేషన్‌కి పోయే ముందే రక్తం సంగతి డాక్టర్లతో తేల్చుకోమని, ఆ నిర్ణయం చెప్పేటప్పుడు పక్కన సంఘం పెద్దలు లేకుండా ఒంటరిగా చెప్పమని అడగడంలో తప్పులేదు. ఒంటరిగా అడిగితే కూడా అదే మాట చెప్తే అది ఆమె మాటే.

బయటికొచ్చే రోజు వస్తే, రాకపోవచ్చు కూడా, వస్తే మాత్రం అప్పుడు కావాల్సింది వాదన కాదు. ఇంటి అడ్వాన్సుకి డబ్బు, రెండు నెలలు ఉండటానికి గది, ఆధారూ సర్టిఫికెట్లూ సంఘం ఆఫీసులోనో ఆశ్రమంలోనో ఉంటే తెచ్చుకోవడానికి తోడు ఇద్దరు మనుషులు, నిద్ర పట్టని రాత్రుళ్ళు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్ లైను టెలీమానస్ 14416. "మేము అప్పుడే చెప్పినాం కదా" అనే మాట మింగేయాలి, మేనత్తలకి కూడా ముందే చెప్పి పెట్టాలి, వాళ్ళు ఆగరు. పండక్కి పిలవచ్చు గానీ గుడికి రమ్మని బలవంతం వద్దు, ఒక చోట నుంచి వచ్చినోళ్ళని వెంటనే ఇంకో చోట చేర్చేస్తే ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటారు. కొంతమంది ఆర్నెల్లకి తిరిగి సంఘంలోకే పోతారు, పోతే పోనీ, ఫోన్ నంబర్ మాత్రం బ్లాక్ చేయకండి.